స్విచ్చుకు కట్టిన ఎర్ర అట్ట

"నువ్వే వైరు పీకినవ్," అన్నాడు ఐలయ్య. సోమవారం పొద్దున, ఫ్యాక్టరీ గేటు దగ్గర, చాయ్ కూడా తాగకముందే.

నర్సింహులుకు చెంప మీద కొట్టినట్టయింది. ఇద్దరూ పాశమైలారం గొట్టాల కంపెనీలో ఎనిమిదేళ్లుగా ఎలక్ట్రీషియన్లు, జోడీ. ఒకడు ప్యానెల్లో చెయ్యి పెడితే రెండోవాడు స్విచ్చు దగ్గర కాపలా. కరెంటు తీసినవాడు తన పేరున్న ఎర్ర అట్టను ఆ స్విచ్చుకు కట్టాలి. ఆ పేరుగలవాడు తప్ప దేవుడొచ్చినా దాన్ని ముట్టకూడదు. అలాంటి మనిషిని పట్టుకొని చెప్పకుండా వైరు పీకావనడం ఎంత మాట!

ఇంత రభసకూ కారణం కంప్యూటర్లో ఆడే ఒక క్రికెట్ ఆట. రెండు వేల ఏడులో కొత్తగా వచ్చింది. ఎవరెక్కడున్నా ఇంటర్నెట్‌లో కలిసి ఆడుకోవచ్చని డబ్బా మీద పెద్దక్షరాలతో రాశారు. రాసిన మహానుభావులు ఒక్కసారైనా ఆడి చూశారో లేదో! ఆదివారం మధ్యాహ్నాలు నర్సింహులు బీరంగూడలో యాదన్న నెట్ సెంటర్లో, ఐలయ్య పాశమైలారంలో ఇంకో సెంటర్లో కూర్చునేవారు. వరసగా మూడు వారాలు ఆఖరి ఓవర్లో, సరిగ్గా ఐలయ్య గెలవబోతుండగా తెర నల్లబడింది. అవతలి ఆటగాడు వెళ్లిపోయాడని ఇంగ్లీషులో ఒక ముక్క కనబడింది.

"నా దిక్కు గూడ నువ్వే పోయినవని వచ్చిందిరా!" అన్నాడు నర్సింహులు.

"ఓడిపోయెటోడే పీకుతడు," అని ఐలయ్య నేరుగా ఫోర్‌మన్ మొగులయ్య దగ్గరికి పోయాడు. "సార్, నన్ను వేరే షిఫ్టుల ఎయ్యుండ్రి. ఈయన స్విచ్చు కాడ ఉంటే నేను ప్యానెల్ల చెయ్యి పెట్ట."

మొగులయ్య తల పట్టుకొని, వచ్చే సోమవారం మారుస్తానన్నాడు. అప్పటిదాకా ఇద్దరికీ బల్బులు మార్చే పనే ఇచ్చాడు.

నర్సింహులుకు ముద్ద దిగలేదు. "ఆట కోసం గింత పరేషానా?" అంది భార్య పుష్పమ్మ.

"ఆట పోతే పోనీ. నా చేతి మీద వాని నమ్మకం పోయింది," అన్నాడు.

ఆదివారం ఇద్దరి ఎర్ర అట్టలూ జేబులో పెట్టుకొని ఐలయ్య ఇంటికి పోయాడు. "ఒక్క ఆట. పక్కపక్కన కూసొని ఆడుదం. ఇగ మళ్ల నీ ఇష్టం." ఐలయ్య బండి వెనక ఎక్కాడు.

యాదన్న సెంటర్లో రెండు కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. నర్సింహులు తన కంప్యూటర్ వైర్లకు ఐలయ్య అట్ట, ఐలయ్య కంప్యూటర్ వైర్లకు తన అట్ట కట్టాడు. ఇక ఎవరి వైరు వాళ్లు ముట్టడానికి లేదు.

"ఆయుధ పూజనా ఏంది?" అని నవ్వాడు యాదన్న.

నర్సింహులు నవ్వలేదు. ఇన్నాళ్లూ చెడిపోయిందని తిట్టిన ఆటను ఇవాళ చెడిపోవాలని మొక్కుకుంటున్నాడు. ఇది గనక చివరిదాకా చక్కగా నడిస్తే, తను జన్మంతా వైరు పీకిన దొంగే.

ఆఖరి ఓవర్ వచ్చింది. ఐలయ్యకు మూడు పరుగులు కావాలి. మొదటి బంతి సాఫీగా పోయింది, రెండోది కూడా. నర్సింహులు వీపంతా చెమట పట్టింది. మూడో బంతిని ఐలయ్య గాల్లోకి లేపాడు. బంతి ఇంకా కింద పడలేదు, రెండు తెరలూ ఒక్కసారే నల్లబడ్డాయి. అవతలి ఆటగాడు వెళ్లిపోయాడని రెండింటి మీదా వచ్చింది.

నర్సింహులు రెండు చేతులూ పైకెత్తాడు. అట్టలు కట్టినచోటనే ఉన్నాయి. ఐలయ్య వైర్లు చూశాడు, అట్టలు చూశాడు, నర్సింహులు ముఖం చూశాడు.

"ఇద్దరం ఈడనే ఉన్నం గదరా. మరి పోయినోడెవడు?"

నర్సింహులు వారం రోజులుగా బిగబట్టిన ఊపిరి వదిలాడు. నవ్వబోతే కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈ ఆట చేసినోనికి మన ప్యానెల్ అప్పజెప్తే కంపెనీ మొత్తం బుగ్గి చేస్తడు," అన్నాడు ఐలయ్య తల దించుకొని. నర్సింహులు అట్ట విప్పి చేతికిస్తూ, "తప్పయిందిరా నర్సిమ్లూ," అన్నాడు.

సోమవారం మొగులయ్య షిఫ్టు మార్చే కాగితం తీస్తే ఐలయ్య వద్దన్నాడు. ఆ రోజు పెద్ద ప్యానెల్ పని పడింది. నర్సింహులు కరెంటు తీసి, అట్ట కట్టి, "తీసిన!" అని కేకేశాడు. ఎనిమిదేళ్లుగా ఒకసారి వెనక్కి తిరిగి అట్ట చూసుకుంటే గానీ చెయ్యి పెట్టని ఐలయ్య, ఆ రోజు తిరిగి చూడకుండానే చెయ్యి లోపల పెట్టాడు.