సెలవు లేని బడి

ఆ భవనంలో అందరూ ఆమెను టైంటేబుల్ అక్క అనేవారు. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు ఆమెది. ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి పద్నాలుగేళ్ళు, నడిపివాడికి పదకొండు, చిన్నదానికి ఆరు. పెద్దది ఐదేళ్ళప్పుడు జబ్బుపడి ఏడాదిపాటు ఇంట్లోనే ఉండిపోయింది. ఆ ఏడాది తల్లే చదువు చెప్పింది. పిల్ల గలగలా చదివెయ్యడం చూసి మోటార్ల మెకానిక్ అయిన భర్త, "ఇంత బాగా వస్తుంటే ఇంక బడెందుకే?" అన్నాడు. ఆమెకూ ముచ్చటేసింది. తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబులో పెట్టిన సెలవు కాస్తా రాజీనామా అయింది. ఆ తరవాత పుట్టిన చిన్నదీ, అప్పటికి రెండేళ్ళ నడిపివాడూ బడి గుమ్మం తొక్కనే లేదు. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి.

భోజనాల బల్లే బడి. ఏడున్నరకు పళ్ళేలు తీసి, బల్ల తుడిచి, ఎనిమిదికల్లా పుస్తకాలు పరచాలి. పన్నెండింటికి పుస్తకాలు తీసి, మళ్ళీ తుడిచి, పళ్ళేలు పెట్టాలి. రెండింటికి పళ్ళేలు తీసి, మళ్ళీ తుడిచి, పుస్తకాలు. తుడిచీ తుడిచీ ఆమె నిలబడే వైపు బల్ల రంగు పోయి చెక్క తేలింది.

గురువారం పదకొండు గంటలకు ఏడెనిమిది మంది తల్లులు ఆ ఇంటికి వచ్చేవారు. వాళ్ళు కూడా పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నవాళ్ళు. కింది అంతస్తులో బట్టలు కుట్టే దర్జీ వదిన అందరికంటే ముందొచ్చి, నోట్‌బుక్కు తెరిచి, పెన్ను మూత నోట్లో పెట్టుకుని సిద్ధంగా కూర్చునేది. టైంటేబుల్ అక్క వంటగది గుమ్మంలో నిలబడే చెప్పేది.

"పొద్దున్నే అంట్లు నీళ్ళల్లో పడెయ్యండి. లెక్కలు అయ్యేసరికి అవే నానుంటాయి, మీరు వాటితో కుస్తీ పట్టక్కర్లేదు. ఉతికిన మేజోళ్ళు చిన్నాళ్ళకిచ్చి జతలు కలపమనండి, రెండో ఎక్కం దానంతటదే వస్తుంది. ఇద్దరు కొట్టుకుంటుంటే తీర్పు చెప్పద్దు. చెరో తడిగుడ్డ ఇచ్చి, అద్దాల తలుపుకి అటొకళ్ళనీ ఇటొకళ్ళనీ నిలబెట్టి తుడవమనండి. ఒకరి మొహం ఒకరు చూసుకుని వాళ్ళే నవ్వేస్తారు. ఇంకోటి, పనంతా అయ్యాక కూర్చుందాం అనుకోకండి. అలాగైతే ఈ జన్మలో కూర్చోరు."

అందరూ నవ్వేవారు. ఆమె మాత్రం నిలబడే ఉండేది.

ఒక సోమవారం పొద్దున ఫోను మోగింది. ల్యాబులో ఒకప్పుడు ఆమెకు పని నేర్పిన పెద్దావిడ.

"ఏమ్మా, చెయ్యి ఇంకా గుర్తుందా? నరం దొరుకుతుందా?"

ఆమె ఫోను పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, ఆరేసిన దుప్పటి వెనకాల నిలబడింది. ఇంట్లో ఎవరికీ వినపడకుండా మాట్లాడాలంటే ఆ దుప్పటి ఒక్కటే దిక్కు.

"దొరక్కేం మేడమ్? ఇప్పటికీ ఎవరైనా చెయ్యి చాపితే ముందు మోచెయ్యి మడతే చూస్తాను."

"ఒక అమ్మాయి మానేస్తోంది. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా. నీ పేరు చెప్పాను. శనివారం లోపల ఏ సంగతీ చెప్పు."

సూది గుచ్చబోయే ముందు చర్మం మీద వేలు ఆనించి, ఇక్కడుంది అని తెలుసుకునే ఆ క్షణం, తొమ్మిదేళ్ళుగా మరిచిపోయాననుకున్నది, వేలికొసకు వచ్చేసింది. అంతలో దుప్పటి కింద రెండు చిన్న పాదాలు కనిపించాయి.

"అమ్మా, దాక్కున్నావా? నన్ను వెతకమంటావా?" అంది చిన్నది.

సాయంత్రం అన్నం తినేటప్పుడు ఆ మాట భర్తకు చెప్పింది. అతను చెడ్డవాడు కాదు. పెళ్ళాం గురించి పనిచోట గొప్పగా చెప్పుకునేవాడు. చేతికంటిన గ్రీజు ఎంత తోమినా పోక, గోళ్ళ చుట్టూ నల్లగా మిగిలిన ఆ వేళ్ళతో కూర కలుపుతూ ఆగిపోయాడు.

"మరి పిల్లలో?"

"బడికి పంపిద్దాం."

"ఇంతదాకా లాక్కొచ్చి ఇప్పుడు వదిలేస్తావా?"

"వదిలెయ్యడమేంటండీ? ఊళ్ళో పిల్లలందరూ వెళ్ళేది బడికేగా."

"అది కాదే. వారం వారం అంతమంది వస్తారు. బడికి పంపకండి, మీరే చెప్పుకోండి అని నూరిపోశావు. రేపు నీ పిల్లలే బ్యాగు తగిలించుకుని వెళ్తుంటే వాళ్ళకి మొహం ఎలా చూపిస్తావ్?"

ఆ ప్రశ్నే ఆమెనూ పొద్దుటి నుంచీ తొలుస్తోంది. లేచి పళ్ళేలు తీసి బల్ల తుడిచింది.

గురువారం వచ్చింది. ఏడుగురు ఆడవాళ్ళు చాపమీద సర్దుకున్నారు. నడిపివాడూ చిన్నదీ లోపలి గదిలో రంగులు వేసుకుంటున్నారు. చెప్పేద్దామనే అనుకుంది ఆమె. నాకు చేతకావడం లేదు, ఇంక నావల్ల కాదు, అని మొదలుపెట్టాలని పొద్దున్నుంచీ మాటలు కూడబలుక్కుంది. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"ఈమధ్య నాకు ఊపిరాడడం లేదు."

దర్జీ వదిన నోట్లోంచి పెన్ను మూత తీసింది. "ఆగండాగండి... ఊపిరి ఆడనప్పుడు... ఆఁ, చెప్పక్కా. ఏం చెయ్యాలి?"

ఏడు పెన్నులూ కాగితం మీద ఆగి ఉన్నాయి. ఏడు మొహాలూ ఆమెకేసే చూస్తున్నాయి. పాడలవాటు, నోరు దానంతటదే చెప్పుకుపోయింది.

"వాకిలి తలుపు తీసి, మెట్లమీద ఓ ఐదు నిమిషాలు కూర్చోండి. పిల్లలకి చెప్పే వెళ్ళండి. గడియారంలో పెద్దముల్లు ఎక్కడికొస్తే అమ్మ వస్తుందో చూపించండి."

"ఎంత బాగా చెప్పావక్కా!" అన్నారెవరో. అందరూ రాసుకున్నారు. ఆమెకు తన నెత్తిన తనే మొట్టుకోవాలనిపించింది.

అందరూ వెళ్ళినా ఒకామె వెళ్ళలేదు. వచ్చినవాళ్ళలో వయసులో చిన్నావిడ. అంతకుముందు పళ్ళ డాక్టరు దగ్గర సహాయకురాలిగా చేసేది. నాలుగు నెలల కిందట ఈ చాపమీద కూర్చుని మాటలు విని ఉద్యోగం మానేసింది. ఏడేళ్ళ కూతురిని బడి మాన్పించింది.

"అక్కా, మా పిల్ల నా మాట వినడం లేదు. పుస్తకం తెరిస్తే ఏడుస్తుంది. అది ఏడిస్తే నాకూ ఏడుపొస్తుంది. నిన్న ఇద్దరం ఏడ్చి ఏడ్చి పడుకున్నాం. మీకెప్పుడైనా ఇలా అయిందా?"

ఎప్పుడూ చెప్పే జవాబు ఒకటుంది. మొహం కడుక్కుని, పాఠం పక్కన పెట్టి, ఇద్దరూ కలిసి బఠాణీలు వొలవండి అని. ఆ జవాబు నాలుకమీదిదాకా వచ్చింది. టైంటేబుల్ అక్క దాన్ని మింగేసి, చాపమీద ఆమె పక్కన కూలబడింది.

"అయింది. నడిపివాడికి తొమ్మిదేళ్ళు వచ్చేదాకా చదవడం రాలేదు. మీరందరూ వస్తున్నారంటే వాణ్ణి లోపలికి పంపేసేదాన్ని. మీకెవరికీ చెప్పలేదు."

చిన్నావిడ తెల్లబోయి చూసింది.

"ఇంకో సంగతీ ఉంది. నాకు ఉద్యోగం వచ్చింది. పిల్లల్ని బడిలో వేసి వెళ్ళిపోదామని ఉంది."

చిన్నావిడ లేచి నిలబడింది.

"మరి నన్నెందుకు దింపారు ఇందులోకి? మా డాక్టరుగారు వద్దమ్మా అన్నారు. మా అత్తగారు వద్దన్నారు. నేనే, అక్క ముగ్గురితో చెయ్యడం లేదా, నేను ఒక్కదానితో చెయ్యలేనా అన్నాను. మీ మటుకు మీరు తలుపు తీసుకుని పోతారు, మేమిక్కడే ఉండాలా?"

"నేనింకా ఎక్కడికీ పోలేదమ్మా," అంది ఆమె నెమ్మదిగా.

చిన్నావిడ చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

టైంటేబుల్ అక్క చాపమీదే కూర్చుండిపోయింది. వంటగదిలో పాల గిన్నె దించిన చప్పుడైంది. పొయ్యిమీద పాలున్న సంగతే ఆమె మరిచింది. పెద్దమ్మాయి బయటికి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మొన్న నాన్నతో అన్నప్పుడూ విన్నాను, ఇప్పుడూ విన్నానమ్మా. నువ్వు ఉద్యోగానికి వెళ్ళు."

"ఎలా వెళ్ళనే?"

"వీళ్ళిద్దరినీ నేను చూసుకుంటా. వాడికి భిన్నాలు నేనే కదా చెప్తున్నాను. వంట పొద్దున్నే నువ్వు సగం చేసి వెళ్తే మిగతాది నేను చేస్తా. ఇదిగో, రాశాను కూడా."

ఒక కాగితం చేతికిచ్చింది. గళ్ళు గీసి, స్కేలు పెట్టి, పొందిగ్గా రాసిన టైంటేబుల్. ఆరున్నరకు అంట్లు నానెయ్యడం. ఎనిమిదికి తమ్ముడి లెక్కలు. తొమ్మిదికి చెల్లి అక్షరాలు. పదకొండుకు వంట. ఒక్కొక్క గడీ చదివి తల్లి తలెత్తి కూతురికేసి చూసింది. పద్నాలుగేళ్ళ పిల్ల. పైట చెంగులా నడుముకు చుట్టుకున్న వంటగుడ్డ, చేతిమీద పాల మరక. ఆ కాగితంలో ఎక్కడా పిల్ల చదువుకు గడి లేదు.

"నీ చదువేది ఇందులో?"

పిల్ల కాగితంకేసి చూసి, "అది... సాయంత్రం ఎప్పుడైనా," అంది.

"వద్దు."

"నేను చెయ్యగలనమ్మా."

"చెయ్యగలవనే వద్దంటున్నాను. నువ్వు చెయ్యగలవని తెలిస్తే ఇంక నిన్ను ఎవరూ లేవనివ్వరు. పద, చెప్పులేసుకో. తమ్ముణ్ణీ చెల్లినీ కూడా రమ్మను."

ఆ మధ్యాహ్నం రెండింటికి బల్లమీద పళ్ళేలు అలాగే ఉండిపోయాయి. నలుగురూ రెండు వీధుల అవతల ఉన్న బడికి నడిచి వెళ్ళారు. గుమాస్తా కళ్ళజోడు నుదుటిమీదికి నెట్టి, ముగ్గురు పిల్లల్నీ వరసగా చూశాడు.

"ఇన్నాళ్ళూ ఏ బళ్ళో చదివారు?"

"మా ఇంట్లో," అంది చిన్నది గట్టిగా. "మా బడికి సెలవులుండవు."

గుమాస్తా నవ్వాపుకుని ఫారాలు ఇచ్చాడు. పరీక్ష పెట్టారు. పెద్దమ్మాయికి తొమ్మిదో తరగతిలో ఒక ఖాళీ ఉంది, వచ్చే సోమవారం నుంచి రావచ్చన్నారు. మిగతా ఇద్దరికీ ఖాళీ లేదు. సెలవుల తరవాత కొత్త ఏడాదికే. అంటే నాలుగు నెలలు.

శుక్రవారం ఆమె ల్యాబుకు ఫోను చేసింది.

"నాలుగు నెలలు ఆగగలరా మేడమ్?"

"నెలైతే నచ్చచెప్పేదాన్నమ్మా. నాలుగు నెలలు ఎవరాగుతారు? పొద్దున జనం చేతులు చాపుకుని వరసలో నిలబడి ఉంటారు."

"అర్థమైంది మేడమ్."

ఆమె దుప్పటి వెనకాల చాలాసేపు నిలబడింది. పక్క భవనం గోడ, దానిమీద నీళ్ళ గొట్టం, గొట్టం పక్కన ఒకే ఒక్క కిటికీ. తొమ్మిదేళ్ళుగా చూస్తున్నవే. ఏడుపు వస్తుందేమో అనుకుంది, రాలేదు.

భర్తకు చెప్తే, "పోనీలే, ఇంకోటి వస్తుంది," అన్నాడు. మళ్ళీ తనే, "పెద్దదాన్ని బళ్ళో నేను దింపి వెళ్తాలే," అన్నాడు. ఆమె ఫారాలు అతని ముందు పెట్టింది. నల్లటి వేళ్ళు అంటకుండా జాగ్రత్తగా పట్టుకుని సంతకం చేశాడు.

సోమవారం సాయంత్రం పెద్దమ్మాయి బడినుంచి వచ్చి బ్యాగు దబ్బున పడేసింది.

"అక్కడ బాత్రూంకి కూడా అడిగి వెళ్ళాలమ్మా! ఏం బడో ఏంటో!"

"అడిగితే పంపిస్తారుగా," అంది తల్లి. "నాకు అడగడానికి కూడా ఎవరూ లేకపోయారే." ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ తల్లి మొహం తిప్పేసుకుంది.

తరవాతి గురువారం ముగ్గురే వచ్చారు. జరిగింది జరిగినట్టు వాళ్ళకు చెప్పింది. నడిపివాడి చదువు సంగతీ, ఉద్యోగం సంగతీ, ఫారాల సంగతీ. దర్జీ వదిన ఆ రోజు నోట్‌బుక్కు తెరవలేదు. వెళ్తూ వెళ్తూ, "మేము నీమీద చాలా బరువు పెట్టాం కదక్కా," అంది. ఆ పై వారం ఎవరూ రాలేదు. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసిన చిన్నావిడ మళ్ళీ అక్కడికే వెళ్ళి అడిగిందనీ, రోజుకు మూడు గంటలకు తీసుకున్నారనీ, పిల్లను పాత బళ్ళోనే వేసిందనీ ఎవరో చెప్పగా విన్నది. మెట్లమీద ఒకసారి ఎదురైతే చిన్నావిడ పలకరించలేదు. పక్కకు తప్పుకుని దారి మాత్రం ఇచ్చింది.

ల్యాబులో ఆ చోటుకు ఎవరో కొత్తమ్మాయి చేరింది. టైంటేబుల్ అక్క ఇంకా రెండు ల్యాబులకు ఉత్తరాలు రాసింది. జవాబులు రాలేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒక బల్ల. గురువారం పదకొండు గంటలకు వాకిట్లో చప్పుడేమీ ఉండదు. ఆ వేళకు ఆమె నడిపివాడి పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, వాడు ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదువుతుంటే వింటోంది. ఎవరైనా వస్తున్నారేమోనని వాడు తలుపుకేసి చూస్తే, "ఎవరూ రారు, చదువు," అంటోంది. వాడు తప్పు చదివి, ఆగి, సరిదిద్దుకుని, మళ్ళీ చదువుతున్నాడు. సెలవులయ్యి కొత్త ఏడాది బడి తెరవడానికి ఇంకా మూడు నెలల పది రోజులుంది.