ఒంటిచేత్తో కత్తిరింపు

తమ్ముడు ప్రేమలో పడ్డాడని అక్క తేల్చేసింది. కాకపోతే మరేంటి! ఫోను చూసుకుని తనలో తనే నవ్వుకుంటున్నాడు, పిలిస్తే పలకడు, అన్నం ముందు కూర్చుని కెలుకుతాడు. ఒకరోజు ఉన్నట్టుండి అక్కకు చేతిగడియారం కొనుక్కొచ్చి పెట్టాడు. వారం తిరక్కుండానే బెల్టు మార్పిస్తానని పట్టుకెళ్ళాడు, మళ్ళీ దాని ఊసే లేదు. అది ఇప్పుడు ఏ పిల్ల చేతికి ఉందోనని అక్క మురిసిపోయింది. అక్కల తెలివి అలాగే ఉంటుంది.

ఇద్దరిదీ ఒకే దర్జీ కొట్టు. తమ్ముడు కత్తిరిస్తాడు, అక్క కుడుతుంది. ఎప్పుడూ చెవి మీద సుద్ద పెట్టుకుని తిరుగుతాడని వాణ్ణి అందరూ సుద్దముక్క అంటారు. అమ్మ పోయాక వాణ్ణి పెంచింది అక్కే. పెళ్ళాంతో పాటు బావమరిదిని కూడా తెచ్చుకున్నానని బస్సు డ్రైవరైన బావ కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని నవ్వుతాడు.

"పిల్ల ఎవరో కాస్త కనుక్కోవయ్యా," అని భోజనాల దగ్గర అక్క మొగుణ్ణి పోరింది.

"కనుక్కుంటే ఏం చేస్తావ్? కొలతలు తీసుకుంటావా?"

"తీసుకుంటా! నీకేం నొప్పి?"

మర్నాడు ఒక పెద్దాయన కోటుకు చేతులు అతకడానికి కూర్చుంది. కుడిచెయ్యి ఎంతకీ భుజానికి కుదరదు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, బోర్లిస్తే గుడ్డ లోపలివైపు పైకొస్తోంది. రెండూ ఎడమవే! "ఓరి నీ తెలివి తెల్లారా!" అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

అది సుద్దముక్క చెయ్యాల్సిన తప్పు కాదు. గుడ్డను మడతేసి ఒక్కసారే కోస్తే కుడీ ఎడమా జంటగా వస్తాయి. మడత వెయ్యకుండా ఒకటి కోసి, అచ్చం అలాగే ఇంకోటి కోశాడన్నమాట. మడత సర్దాలంటే రెండు చేతులూ కావాలి. వాడి రెండో చెయ్యి ఏం చేస్తోంది?

అక్క తలెత్తింది. బల్ల దగ్గర తమ్ముడు కుడిచేత్తో కత్తెర ఆడిస్తున్నాడు, ఎడమచేతిలో ఫోను. అది మోగలేదు, అవతల ఎవరూ మాట్లాడట్లేదు. వాడే "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అని గొణుక్కుంటున్నాడు. ప్రేమించినవాడి మొహం అలా ఉంటుందా? చెమట్లు పట్టి బిగుసుకుపోయి, ఎవరో కొట్టబోతున్నట్టు ఉంది. అక్క మెల్లగా వాడి వెనక్కి వెళ్ళి చూసింది. ఏదో మ్యాచ్ నడుస్తోంది, దాని కింద పందెం అంకెలు చకచకా మారుతున్నాయి. గడియారం ఏ పిల్ల చేతికీ చేరలేదు, ఈ పందేల్లోకే పోయిందన్నమాట. ఇన్నాళ్ళూ ఎదురుగా కూర్చుని కూడా కనిపెట్టలేకపోయిందే!

"పందేలు కాస్తున్నావా?"

వాడు ఉలిక్కిపడ్డాడు. "అబ్బే, ఊరికే, సరదాకి."

"సరదాగా ఉన్నవాడి మొహమేనా అది? నాన్నా, నా వైపు చూసి చెప్పు."

చూడలేదు. చూడకుండానే అన్నాడు: "ఈ ఒక్కసారి డబ్బు సర్దక్కా. రేపటికల్లా పోయిందంతా లాగేస్తా, ఒట్టు!"

ఇస్తే ఈ పూటకు నవ్వుతాడు, రేపు మళ్ళీ అడుగుతాడు. ఇవ్వకపోతే అలిగి ఎటు పోతాడో, ఏం చేసుకుంటాడో. పెంచిన ప్రాణం ఇచ్చెయ్యమనే అంటోంది.

"అన్నం పెడతా. పక్కనే కూర్చుంటా. డాక్టరు దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా. డబ్బు మాత్రం ఇవ్వనురా," అంది.

"నువ్వూ అంతేనన్నమాట!" సుద్దముక్క టేపు బల్లకేసి కొట్టి విసవిసా వెళ్ళిపోయాడు.

అక్క చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. కొట్టు తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. వీధి మలుపులో వాడి చొక్కా దొరకబుచ్చుకుంది.

"కొట్టు అలా వదిలేసొచ్చావేంటి? ఎవడైనా అన్నీ ఎత్తుకుపోతాడు!"

"పోనీ! గుడ్డలైతే మళ్ళీ కొనుక్కోవచ్చు. నిన్నెక్కణ్ణించి తెచ్చుకోనురా, వెధవా?"

వాడు కాలిబాట అంచున కూలబడ్డాడు. అక్కా పక్కనే చతికిలబడింది. జనం చూస్తే చూడనీ. ఎంత పోయిందని అడగలేదు.

"కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందిరా?"

ఆ మాటకు వాడు బావురుమన్నాడు.

"ఆపేద్దామనే రోజూ లేస్తానక్కా. ఆపలేకపోతున్నా. డాక్టరు దగ్గరికి నువ్వూ రా. ఒక్కణ్ణే పంపకు, దారిలోనే మళ్ళీ ఆడేస్తా."