చిరిగిన బొమ్మల పుస్తకాలే కావాలన్నారు

మూసీ నీళ్ళు ఇమ్లీబన్ బస్టాండులోకి వచ్చిన ఏడాది ఇది జరిగింది. వరద దసరాకు ముందు వచ్చింది. దీపావళి అయ్యాక మా ఇంట్లోవాళ్ళకు పిచ్చి పట్టింది.

ఆదివారం పూట ఆబిడ్స్‌లో, మూసి ఉన్న దుకాణాల ముందు పాత పుస్తకాలు పరిచి అమ్ముతాను. నలభై ఏళ్ళయింది. నేను చదివింది మూడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఇంగ్లీషు పుస్తకాన్ని అట్ట మీది బొమ్మను బట్టి గుర్తుపడతాను. అమ్మడానికి ఆ మాత్రం చాలు. కొనేవాళ్ళకు ఆ మాత్రం కూడా అక్కర్లేదు.

ముఖ్యంగా పిల్లల బొమ్మల పుస్తకాలు కొనేవాళ్ళకు. తల్లి వెనక అట్ట చూస్తుంది. తండ్రి ఫోను చూస్తాడు, ఆ పుస్తకం ఎన్నేళ్ళ పిల్లకు పనికొస్తుందో ఫోను చెప్పాలట. ఒకావిడ తన ఇంటి గోడ రంగుకు సరిపోయే పుస్తకం అడిగింది. ఒకాయన చేత్తో బరువు చూశాడు, వంకాయలు కొన్నట్టు. పిల్ల పక్కనే నిలబడి ఉంటుంది. దాన్ని అడిగేవాడు లేడు. లోపల తెరిచి, ఒక్క పుట పైకి చదివి, పిల్ల మొహం చూసేవాడు ఏడాదికి ఒకడు వస్తే ఎక్కువ. వచ్చినవాడు కూడా అటూ ఇటూ చూసి, సిగ్గుపడి గొంతు తగ్గిస్తాడు.

ఆ ఆదివారం పదకొండింటికి నా కొడుకు నరేశ్ వచ్చాడు. వాడు మొబైల్ దుకాణంలో పని చేస్తాడు. వాడు, కోడలు పద్మ, నాలుగేళ్ళ మనుమరాలు చంద్రిక, నేను, నాంపల్లిలో రెండు గదుల కిరాయి ఇంట్లో ఉంటాం. చంద్రికను ఒక పేరున్న ఇంగ్లీషు బడిలో వేయాలని మొగుడూ పెళ్ళాలు ఆరు నెలలుగా తిరుగుతున్నారు. ఆ బడివాళ్ళు సోమవారం పొద్దున రమ్మన్నారు. ఇంట్లో ఉన్నవాళ్ళందరూ రావాలి, పిల్లకు రోజూ చదివి వినిపించే పుస్తకాలు మూడు వెంట తేవాలి అని రాసి పంపారు.

"బాపూ, మూడు బొమ్మల పుస్తకాలు ఇయ్యి. ఇంగ్లీషువి," అన్నాడు.

శుభ్రంగా ఉన్నవి ఏరి ఇచ్చాను. పక్కకు పెట్టాడు.

"గివి కాదు. జర చినిగినవి ఇయ్యి."

"చినిగినవా?"

"ఔ. మస్తు సార్లు సదివినట్టు కనవడాలె. గిట్ల మెరిస్తే, నిన్న కొన్నరని మేడంకు సమజయితది."

నా పక్కన పరుచుకునే దుర్గయ్య విన్నాడు. ఊరుకునే రకం కాదు.

"కొడుకా, చాయ్ మరక గూడ కావాల్నా? నా తాన ఉన్నది. పప్పు మరక గూడ ఉన్నది. అన్నం తినుకుంట సదివిన్రనుకుంటరు."

"నవ్వకు కాకా, రేపు ఇంటర్వ్యూ."

"ఎవలకు? పోరికా, పుస్తకానికా?"

నరేశ్ వినిపించుకోలేదు. మూల మీద పిల్లెవరో కొరికిన పళ్ళ గాట్లున్న పుస్తకం ఒకటి దొరికింది. బంగారం దొరికినట్టు పైకెత్తి చూసుకున్నాడు.

"పోరిని తోలుకరాకపోయినవా? అదే ఏరుకుంటుండె," అన్నాను.

"దానికేం తెలుసు బాపూ. బొమ్మలు సూసి ఏరుకుంటది."

బొమ్మల పుస్తకాన్ని బొమ్మలు చూసి ఏరుకోవడం తప్పని ఆ రోజు తెలిసింది. ఈ వయసులో కూడా నేర్చుకునేవి ఉంటాయి.

సాయంత్రం ఇంట్లో మొదలైంది. కొరికిన పుస్తకం మొదటి పుటలో వేరే పిల్ల పేరు రాసి ఉంది. దాని మీద నరేశ్ తెల్ల చీటీ అంటించి చంద్రిక పేరు రాశాడు. పద్మ పుస్తకాల అట్టలు చూపించి మూడు పేర్లూ దానిచేత బట్టీ పట్టించింది. చంద్రిక పుస్తకం మీద చెయ్యి వేసింది.

"మమ్మీ, లోపల ఏమున్నది?"

"ముట్టకు. ఇంకా చింపుతవ్. గా చినుగుడు సాలు. రోజు ఎవలు సదువుతరని మేడం అడిగితే ఏమంటవ్?"

"డాడీ."

"ఎప్పుడు?"

"పండుకునే ముందు. మమ్మీ, డాడీ వచ్చేసరికి నేను పండుకుంట గదా?"

"అనుమన్నది అను. లేనిపోని లెక్కలు తీయకు."

మూడు పుస్తకాలూ పాలిథిన్ కవర్లో పెట్టి బీరువా మీదికి ఎక్కించింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. లోపల తెరిచి చూపించమని అనడానికి నాకేం మొహం ఉంది? నలభై ఏళ్ళు ఊరందరి పిల్లలకూ బొమ్మల పుస్తకాలు అమ్మి, ఒక్కటి ఇంటికి తేనివాణ్ణి. సరుకు ఇంట్లోవాళ్ళకే పంచితే ఇక అమ్మేదేముంది అనుకునేవాణ్ణి. తెలివిగలవాణ్ణి. నరేశ్ చిన్నప్పుడు కూడా తేలేదు.

పొద్దున బడికి పోయాం. చిన్న కుర్చీల గదిలో మమ్మల్ని కూర్చోబెట్టారు. నరేశ్ మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మేడం మంచిదే, నవ్వుతూ మాట్లాడింది.

"పాపా, నీకే పుస్తకాలు ఇష్టం?"

చంద్రిక మూడు పేర్లూ ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అబ్బో! రోజూ ఎవరు చదువుతారు?"

"డాడీ. పండుకునే ముందు."

నరేశ్ మొహం వెలిగింది. పద్మ ఊపిరి వదిలింది. మేడం కొరికిన పుస్తకం తీసి చంద్రిక ఒడిలో పెట్టింది.

"అయితే నీకు బాగా నచ్చిన బొమ్మ చూపించు."

చంద్రిక పుస్తకం తెరిచింది. తెరవడం అదే మొదలు. వంగి చూసింది.

"అమ్మో! మమ్మీ, గిండ్ల కోతి ఉన్నది! టోపీ గుంజుకున్నది సూడు! తాతా, దా దా, తోక సూడు ఎట్ల బెట్టిందో!"

ఆ పిల్ల అంత సంబరపడటం నేను ఎన్నడూ చూడలేదు. మేడం పద్మను చూసింది. పద్మ ఫ్యాను చూసింది. చంద్రిక ఒక చేత్తో పుట తిప్పుతూ, ఇంకో చేతి గోరుతో ఆ తెల్ల చీటీ గీకుతోంది.

"మీరు చదవండి, విందాం," అంది మేడం నరేశ్‌తో.

వాడు ఫోనులో వచ్చిన రీచార్జి మెసేజ్ చదివినట్టు చదివాడు. తల ఎత్తలేదు.

"డాడీ, కోతి ఏమన్నది?"

"ఊకో, సదవనీ."

"కోతి ఏమన్నదో జెప్పు."

వాడు ఇంకా వేగంగా చదివాడు. మేడం చాలన్నట్టు చెయ్యి ఎత్తింది. తర్వాత నా వైపు తిరిగింది.

"పెద్దాయనా, మీరేం చేస్తారు?"

"పాత పుస్తకాలు అమ్ముతనమ్మా. గీ ఆబిడ్స్‌లనే."

మేడం చూపు కొరికిన పుస్తకం మీదికి పోయింది. నరేశ్ నా కాలు తొక్కాడు. తొక్కి ఏం లాభం, మాట బయటికి వచ్చాక.

"పాప హుషారుగా ఉంది. మెసేజ్ పెడతాం," అంది మేడం.

మేము నాంపల్లి చేరేలోపే పెట్టారు. సీటు లేదు.

గడప దాటగానే నరేశ్ నా మీద పడ్డాడు. "ఏండ్లకేండ్లు నోరు తెరవవు. ఇయ్యాల్నే తెరవాల్నా బాపూ?"

"ఆయన్నెందుకు అంటవ్? కోతి ఏమన్నదో జెప్తే నీ సొమ్మేం పోతుండె?" అంది పద్మ.

"నాకు తెలిస్తే గదా జెప్పేది!"

ఆ రెండు రోజుల్లో మా ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన నిజం అదొక్కటే. చెప్పి వాడు మూడు పుస్తకాలూ నా గోనె సంచిలో కుక్కి, పనికి పోయాడు. చంద్రిక ఏడుపు అందుకుంది.

"ఏడవకు బిడ్డా, ఇంకో బడి సూద్దాం," అని పద్మ వీపు నిమిరింది.

"బడి వద్దు. బుక్కు కావాలె."

పద్మకు అది ఎక్కలేదు. బడి పోయినందుకే పిల్ల ఏడుస్తోందని పక్కింటావిడకు కూడా చెప్పింది. నాకు ఎక్కింది. ఎక్కి ఏం చేశాను? బయటికి పోయి చాయ్ తాగాను.

మంగళవారం పొద్దున నేను బేగంబజారుకు పోయి పాత కాగితాల గోదాములో సరుకు ఏరాలి. పోలేదు. గోనె సంచి గడప ముందుకు ఈడ్చి బోర్లించాను. చంద్రిక లేచి, మొహం కూడా కడుక్కోకుండా వచ్చి నిలబడింది.

"ఏరుకో," అన్నాను.

"ఏదైనా?"

"ఏదైనా."

చాలాసేపు చూసింది. తెరిచింది, మూసింది. నేను మంచివనుకున్నవన్నీ పక్కకు నెట్టింది. నిన్నటి కోతిని కూడా అటు జరిపింది. చివరకు ఒక పల్చటి తెలుగు పుస్తకం పట్టుకుంది. అట్ట లేదు. లోపల బస్సు కన్నా పెద్ద కోడి బస్సు కిటికీలో నుంచి తల బయట పెట్టింది. అంత అధ్వాన్నమైన బొమ్మ ఆ సంచిలో ఇంకొకటి లేదు.

చంద్రిక నా ఒడిలో కూర్చుంది. నేను అద్దాలు పెట్టుకుని, అక్షరాల కింద వేలు పెట్టాను.

"కో... డి. బ... స్సు. బస్సెక్కిం... ది."

"తాతా, కోడికి సీటిచ్చిన్రా?"

"తెల్వదు. తిప్పు, సూద్దాం."

"వద్దు. ముందుగాల గిదే మళ్ళా సదువు. జర పెద్దగ."

మళ్ళీ చదివాను, పక్కింటివాళ్ళకు వినబడేలా. నల్లా నీళ్ళు వచ్చి పోయాయి. మేము ఇంకా మొదటి పుటలోనే ఉన్నాం.