ఉక్కు కల్వం

షిహో మూడేళ్ల డాక్టరేట్ ఒకే ఒక్క అంకె దగ్గర ఆగింది. భూమిలో వెయ్యి కిలోమీటర్ల లోతున ఉండే ఖనిజంలో ఇనుము లేశమైనా లేకపోతే, భూకంప తరంగం ఎంత వేగంగా పోతుంది? అంత ఒత్తిడి పెట్టి చూసే యంత్రం ఆమె చదువుకునే మత్సుయామాలో ఒక్కటే ఉంది. ముందు రెండుసార్లు నమూనా ఢామ్మని పేలిపోయింది. థీసిస్ గడువులోగా ఆమెకు ఇదే ఆఖరి వంతు.

ఈసారి పేలలేదు. తరంగం మాత్రం పెళ్లినడక నడిచింది. లోకమంతా కొలిచినదానికన్నా నూటికి మూడు పాళ్లు తక్కువ!

మార్చిలో రిటైరయ్యే కురమోచి మాస్టారు కాగితం చూసి గంతేశారు.

"అమ్మాయ్! భూమి అడుగున తరంగాలు ఎందుకు నెమ్మదిస్తాయో తేల్చేశావే! ఇన్నాళ్లూ మేమంతా గాడిదలు కాశామన్నమాట!"

వెంటనే ల్యాబులో అందరికీ, శుభం జరిగితే తినే పండగ చేప తెప్పించారు.

షిహో యంత్రంలోంచి తీసిన నమూనా మళ్లీ చూసింది. తెల్లగా ఉండాల్సిన నమూనా బూడిదరంగులో ఉంది. ఇనుము కలిసింది. ఎలా కలిసిందో ఆమెకు తెలుసు. పొడి నూరాల్సింది ఇనుము అంటని అగేటు రాతి కల్వంలో. మాస్టారు మధ్యాహ్నం పాలకూరలోకి నువ్వులు నూరుకునేదీ అందులోనే. ఆ సంగతి ల్యాబంతా ఎరుగును, ఆయన మొహం మీద చెప్పే మొనగాడే ఇంకా పుట్టలేదు. షిహో కూడా నోరు మూసుకుని ఉక్కు కల్వం అందుకుంది. మర్యాదంటే అదీ! ఇప్పుడూ నోరు మూసుకుంటే డాక్టరేట్ ఖాయం.

చేప వచ్చింది. అందరూ తినబోతున్నారు.

"మాస్టారూ, ఆగండి. అందులో ఇనుముంది."

"చేపలోనా?"

"నా నమూనాలో. ఉక్కు కల్వంలో నూరాను."

"బుద్ధుందా నీకు? అగేటుదేమైంది?"

"నువ్వుల వాసనొచ్చింది మాస్టారూ."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి.

"మరి అప్పుడే అడగొచ్చుగా?"

"మిమ్మల్నా!"

ఆయన లేచి యంత్రం పక్కనున్న వంతుల బోర్డు దగ్గరికి వెళ్లారు. శుక్రవారం గడిలో ఆయన పేరుంది. ఉద్యోగంలో ఆయనకు మిగిలిన చివరి ప్రయోగం అదే. ఆ పేరు కొట్టేసి షిహో పేరు రాశారు.

"వద్దు మాస్టారూ! అది మీ ఆఖరుది."

"ఇప్పుడు మాత్రం నోరు లేస్తోందే! పో, పోయి కొత్త కల్వం కొనుక్కురా."

షిహో నడుం వంచి దణ్ణం పెట్టింది. ఏడుపు ఆగక చాలాసేపు తల ఎత్తలేకపోయింది.