కుడిచేతి నష్టం

"ఆ చీపురు కింద పెట్టు బిడ్డా, నేను ఊడుస్త," అన్నది అత్త.

రాజమణి వంగినది వంగినట్టే ఉండిపోయింది. పదకొండేళ్ల కాపురంలో అత్త తనను 'బిడ్డా' అనడం ఇదే మొదలు. ఆ మాట కూతుళ్లకు, వాళ్ల పిల్లలకు, ఆఖరికి బర్రెదూడకు కూడా దక్కేది కానీ కోడలికి ఎప్పుడూ దక్కలేదు. తన వెనక ఇంకెవరైనా నిలబడ్డారేమోనని తిరిగి చూసింది. ఎవరూ లేరు. అత్త నిజంగానే చీపురు అందుకుని వాకిలి ఊడవడం మొదలుపెట్టింది. రాజమణికి సంతోషం కలగలేదు. ఈ ఇంట్లో ప్రేమ ఊరికే పుట్టదని ఆమెకు బాగా తెలుసు.

నిన్నటికి నిన్న, కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన మొగుడు కరుణాకర్ బావి దగ్గర ఆమె చేతిలోంచి బిందె లాక్కుని తనే నీళ్లు మోశాడు. వీధిలోవాళ్లు నిలబడి చూశారు. పక్కింటి హమీదా అయితే కుట్టుమిషను ఆపి గోడ మీదుగా తొంగిచూసింది. "ఏంది రాజక్కా, బావ నీళ్లు మోస్తుండు, అత్తమ్మ గిన్నెలు తోముతుంది! నెల తప్పినవా ఏంది?" అని నవ్వింది. రాజమణి కూడా నవ్వింది కానీ లోపల పురుగు తొలుస్తూనే ఉంది. తల్లిగారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన ఎకరం మీద వీళ్ల కన్ను పడిందా? కువైట్‌లో మొగుడు ఇంకో సంసారమేదైనా పెట్టి, ఆ మాట చెప్పే ముందు తనను ఇలా మెత్తబరుస్తున్నారా? కూర వేగుతున్నంతసేపూ ఆలోచించింది. గిన్నె మీది మూత ఎత్తితే ఆ బరువుకే కుడిచెయ్యి మళ్లీ కలుక్కుమన్నది. మూత ఎడమచేతికి మార్చుకుంది.

ఆ చెయ్యి కథ కిందటేడుది. "దేశం చూపిస్త, రా," అని కరుణాకర్ ఆమెను కువైట్ తీసుకుపోయాడు. ఆమె చూసిన దేశమంతా ఒక వంటగది. హోటలు తిండితో కడుపులు పాడుచేసుకున్న నలుగురు దోస్తులకు, ఆయనకు, వెళ్లిన రోజు నుంచి వచ్చే రోజు దాకా వండిపెట్టింది. ఒక శుక్రవారం దోస్తు కారులో సముద్రం చూడటానికి బయల్దేరారు. వెనక సీట్లో, ఒళ్లో అన్నం క్యారియర్ పెట్టుకుని ఆమె. సిగ్నల్ దగ్గర ఆగిన కారును వెనకనుంచి ఇంకో కారు గుద్దింది. పెద్ద దెబ్బేమీ కాదు, డిక్కీ సొట్టపోయింది, అంతే. ముందు సీటుకూ క్యారియర్‌కూ నడుమ ఆమె కుడి మణికట్టు నలిగింది. కరుణాకర్ వెనక్కి తిరిగి అడిగిన మొదటి మాట, "కూర ఒలికిందా?"

అక్కడి దవాఖానలో ఎముక పగిలిందని పిండికట్టు వేశారు. కట్టుతోనే, ఎడమచేత్తో మిగిలిన రోజులు వండింది. తిరిగి ఇంటికి, మానుకోట వచ్చాక కట్టు విప్పారు. విప్పినప్పటి నుంచి ఆ చెయ్యి చెయ్యిలా లేదు. జొన్నరొట్టె తడుతుంటే నొప్పి మోచేతిదాకా పాకేది. చెంబు పట్టుకుంటే పట్టు ఎప్పుడు తప్పుతుందో తెలిసేది కాదు. చెప్పుకుంటే అత్త, "పని చెప్పంగనే నొస్తదా నీ చెయ్యి?" అన్నది. ఈసారి సెలవు మీద రాగానే మొగుడితో చెప్పుకుంటే, "కట్టు విప్పినంక ఇంకేం నొప్పి? అంతా మనసుల ఉంటది," అన్నాడు. అప్పటి నుంచి చెప్పడం మానేసింది.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ కరుణాకర్ అసలు సంగతి విప్పాడు. గుద్దిన కారు బీమా కంపెనీవాళ్లు నష్టపరిహారం ఇస్తారట. చెయ్యి ఇప్పటికీ సరికాలేదని తేలితే ఇంకా ఎక్కువ ఇస్తారట. చూసి పోవడానికి వాళ్ల తరఫున హైదరాబాద్ నుంచి ఒకాయన గురువారం వస్తున్నాడట. ఆ పైసలతో తొర్రూరు రోడ్డు మీద కిరాయికి నడపడానికి పాత జీపు కొనాలని కరుణాకర్ ఆశ.

"ఆయన ముందల చెయ్యి పనిచేస్తలేదన్నట్టు ఉండాలె. జర యాక్టింగ్ చెయ్యి."

"నిజంగనే పనిచేస్తలేదు గద," అన్నది రాజమణి.

"గదే! గట్లనే చెప్పాలె. మొఖం గూడ గట్లనే పెట్టు," అని మెచ్చుకున్నాడు.

ఎకరం కాదు, ఇంకో ఆడది కాదు. తన నొప్పికి ఎవరో ధర కడుతున్నారు కాబట్టి దాన్ని నాలుగు రోజులు నమ్మినట్టు నటిస్తున్నారు. ఇన్ని అనుమానాలు పడింది కానీ ఇంత చిన్న సంగతి ఆమె ఊహకు అందలేదు. అంతకంటే పెద్ద మోసమైనా ఇంత బాధ అనిపించేది కాదేమో.

గురువారం దాకా ఇంట్లో నాటకం రిహార్సల్ లాగే నడిచింది. కుడిచెయ్యి ఒళ్లోంచి తీయొద్దు. వచ్చినాయనకు చెంబు ఎడమచేత్తో ఇవ్వాలి. ఇవన్నీ తల్లికీ పెళ్లానికీ కరుణాకర్ నేర్పాడు. "నోరు జారకు," అని రాజమణిని మాటిమాటికీ అనుమానంగా చూశాడు.

వచ్చినాయన పేరు జగపతి. కళ్లజోడు, చేతిలో తోలు సంచి. కుర్చీలో కూర్చుని ఇల్లంతా ఒకసారి కలియజూశాడు. ఇలాంటి ఇళ్లు, ఇలాంటి చేతులు చాలా చూసిన మనిషని ఆ చూపే చెప్పింది. రాజమణి చెంబు ఎడమచేత్తో అందించింది.

"ఏయ్! ఇంటికొచ్చిన పెద్దమనిషికి ఎడమచేత్తోనా? కుడిచేత్తో ఇయ్యి!" అత్త ఒక్క అరుపు అరిచింది.

అరిచాక గానీ ఆమెకు నేర్పిన పాఠం గుర్తురాలేదు. కరుణాకర్ ముఖంలో నెత్తురు చుక్క లేదు. రాజమణి మారు మాట్లాడకుండా చెంబు కుడిచేతికి మార్చుకుని చాచింది. మణికట్టు దగ్గర ఏదో తెగినట్టయింది. చెంబు జారి, నీళ్లన్నీ జగపతి బూట్ల మీద పడ్డాయి. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎవరికీ కనపడకుండా తల వంచుకుంది.

జగపతి ఆమె చేతిని మెల్లగా తిప్పి చూశాడు. "ఇది నిజమే," అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఇన్ని నెలల్లో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. తర్వాత కాగితం తీసి కరుణాకర్‌ను అడిగాడు. "ఈమె ఏం పని చేస్తారు?"

"ఏం పని లేదు సార్. ఇంట్లనే ఉంటది."

"పనేమీ లేకపోతే చెయ్యి పోయి నష్టమేముందండీ? నేనేం రాయాలి?"

కరుణాకర్ తత్తరపడ్డాడు. "అట్లగాదు సార్! పని లేకుంట ఎట్ల? వాకిలి ఊడ్చుడు, పేడనీళ్ల సాన్పు జల్లుడు, బర్రె పాలు పిండుడు..."

"బావి నీళ్లు చేదుడు," అత్త అందుకుంది. "గిన్నెలు, బట్టలు, పొద్దుమాపు రొట్టెలు. మిరప కాయల కాలం కల్లంల ఎండబోసుడు, తొడిమలు తీసుడు. నా మోకాళ్లకు నూనె రాసుడు గూడ ఆమెనే సారూ. ఒక్క గడియ గూసోదు!"

జగపతి రాస్తూ పోయాడు. రాజమణి ఒక్కో మాట వింటూ నిలబడింది. ఒక్క పని కూడా తప్పిపోలేదు. వీళ్లకు తెలియదనుకుంది ఇన్నేళ్లూ. తన చాకిరీ వాళ్ల కంట పడలేదని, పాపం అనుకుని సర్దుకుంది. అన్నీ తెలుసు. వేళలతో సహా తెలుసు. కాగితం కింద కరుణాకర్ సంతకం పెట్టాడు. అత్త వేలిముద్ర వేసింది. పదో తరగతి పాసైన రాజమణి చేత కూడా, కుడిచెయ్యి ఆడదు కదా అని, ఎడమ బొటనవేలే వేయించారు.

జగపతి వీధి మలుపు తిరిగాడో లేదో కరుణాకర్ తొడ చరిచి పకపకా నవ్వాడు. "అబ్బ, ఏం యాక్టింగ్ చేసినవే! ఆ చెంబు వదిలేసుడు ఉన్నది సూడు, నేను గూడ నమ్మిన!" అత్త కూడా నవ్వి, పళ్లెంలో జొన్నపిండి పోసుకొచ్చి రాజమణి ముందు పెట్టింది. ఆ నోట్లో ఇప్పుడు 'బిడ్డా' లేదు. "ఇగ లే. పొయ్యి ముట్టియ్యి. నాలుగు రోజుల సంది నా నడుము ఇరిగింది."

రాజమణి పిండి వైపు చూసింది. పళ్లేన్ని ఎడమచేత్తో మెల్లగా మొగుడి ముందుకు జరిపింది.

"రేపు పొద్దుగాల రైలుకు హనుమకొండ పోతున్న. ఎముకల డాక్టరుకు చూపించుకోవాలె," అన్నది.

"ఏంది?" కరుణాకర్ నవ్వు సగంలో ఆగింది. "మరి రొట్టెలు?"

"ఈ చెయ్యి పనికి రాదని మీరే రాసిచ్చిండ్రు. నేను చేస్తే మీ మాట అబద్ధమైతది," అన్నది రాజమణి, గొంతు పెంచకుండానే. "పనులన్నీ గూడ మీరే చెప్పిండ్రు, ఒక్కటి మరిచిపోలేదు. ఇగ మొదలువెట్టుండ్రి."