మళ్ళీ సున్నా అయిన అంకె

తెల్లమచ్చ రోగానికి వరసగా రెండు పంటలు పోయాక, భీమవరం దగ్గర వెంకటపతిరాజుగారికి మిగిలింది ఒక్క రొయ్యల చెరువు. ఇదీ పోతే చెరువు లీజుకిచ్చేసి ఇంట్లో కూర్చోవడమే. అలాంటి చెరువుని ఇంజనీరింగు చదివిన కూతురు గీతిక చేతిలో పెట్టారాయన. ఊళ్ళో నవ్వనివాళ్ళు లేరు. నవ్వితే నవ్వనీ అన్నారాయన.

గీతిక మోటారు షెడ్డులో పాత కంప్యూటరు పెట్టి, దాన్ని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసింది. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గితే అదే నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు తిప్పుతుంది, సైరన్ మోగిస్తుంది. చిక్కల్లా ఒక్కటే. అప్పుడప్పుడు దానికి గుండెకాయలాంటి కెర్నల్ మొరాయించేది. మొరాయిస్తే ఏం చెయ్యాలో చెప్పే అంకె ఒకటి కెర్నల్లోనే ఉంటుంది. అది సున్నా అయితే, ఎవరో వచ్చి లేపేదాకా కంప్యూటరు మొద్దులా పడుంటుంది. గీతిక ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. అది అంకెని చదివి సున్నా అంది, దాని స్థానంలో పది రాసింది, మళ్ళీ చదివి పది అని చూపించింది.

"అంటే ఏంటమ్మా?"

"ఆగిపోయినా పది సెకన్లలో తనే లేస్తుందండి నాన్నగారూ. మీరు హాయిగా పడుకోండి."

కంప్యూటరు ఆరి వెలిగితే ఆ పది పోయి మళ్ళీ సున్నా వచ్చేస్తుంది. గీతికకి ఆ సంగతి తెలుసు. స్విచ్చి వేసినప్పుడల్లా ప్రోగ్రాం తనే నడిచేలా ఒక్క లైను రాయాలి. రాయలేదు. కరెంటు పోయినా జనరేటరుంది, దీన్ని ఆపే మొనగాడెవడు, ఎప్పుడైనా ఆగి లేస్తే ప్రోగ్రాం చేత్తో నడుపుకోవచ్చులే అనుకుంది. అంత చదివిన పిల్ల, దసరాని లెక్కలో వేసుకోలేదు!

ఆయుధపూజ నాడు రాజుగారింట్లో కత్తి దగ్గర్నించి ట్రాక్టరు దాకా అన్నిటికీ విశ్రాంతే. ఆక్సిజన్ తగ్గేది రాత్రిళ్ళే, పట్టపగలు కాబట్టి చెరువుకి ఇబ్బంది లేదు. మోటార్లతోపాటు కంప్యూటరునీ ఆపి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, ఆయనే మళ్ళీ స్విచ్చి వేశారు. చెరువు వివరాలు తెర మీదకొచ్చాయి. గీతిక దణ్ణం పెట్టుకుని పులిహోర తినడానికి వెళ్ళింది. చిన్న ప్రోగ్రాం గుర్తే రాలేదు.

వారం తిరక్కుండానే, ఒక పొద్దున ఆమె చెరువు గట్టు మీదికొచ్చేసరికి ఎక్కడ చూసినా కాకులూ కొంగలూ. ఏరియేటర్లు కదలడం లేదు. నాన్నగారు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు, చుట్టూ చచ్చిన రొయ్యలు. షెడ్డులో తెర రాత్రెప్పుడో బిగుసుకుపోయింది, సైరనూ మోగలేదు. కంప్యూటరుని లేపి అంకె చదివింది. సున్నా. పూజనాడు ఆరి వెలిగినప్పుడూ ఇలాగే సున్నా అయ్యుంటుంది, తను మళ్ళీ పది రాయలేదు.

"మిషను తప్పు కాదండి నాన్నగారూ. పూజయ్యాక నేను నడపాల్సింది నడపలేదు. నేనే చంపేశానండి!" అని భోరుమంది.

రాజుగారు నీళ్ళలోంచి బయటికొచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. "ఈ మాట ఇంకెవరి దగ్గరా అనకమ్మా," అన్నారు. "తెలిస్తే ఈ చుట్టుపక్కల నిన్ను ఏ చెరువు దగ్గరికీ రానివ్వరు."

పక్క చెరువు పల్లంరాజు పరిగెత్తుకొచ్చాడు. "అయ్యయ్యో! సైరన్ మోగలేదాండీ?"

"మోగిందండి. నాకే మెలకువ రాలేదు."

ఇన్నేళ్ళలో గట్టు మీద కునుకు తీశాడని అనిపించుకోని మనిషి! గీతిక నోరు తెరవబోయింది. ఆయన చూసిన చూపుకి మళ్ళీ మూసుకుంది. మూసుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"అంత మొద్దు నిద్రేంటండీ బాబూ," అన్నాడు పల్లంరాజు. "పాపం, అమ్మాయి అంత కష్టపడి పెట్టింది కదండీ!"

"అవునండి," అన్నారు రాజుగారు తలొంచుకుని. "అమ్మాయి తప్పేం లేదండి."