మాట అందించే తాత

ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రయాణికుడు నోరు తెరవకముందే టికెట్టు చింపి చేతిలో పెట్టిన కండక్టరు ఆయన. రిటైరయినా ఆ జబ్బు పోలేదు. మనవరాలికి నత్తి. ఆమె మాట మొదలుపెడితే చాలు, మిగతాది తనే పూర్తి చేసేవాడు. అదే ప్రేమ అనుకున్నాడు.

ఆ రోజు బడిలో మీటింగు. పిల్లకు ఏడాది పొడవునా ఏ సాయం ఎలా చెయ్యాలో టీచర్లు ప్రణాళిక రాశారు. తల్లి సంతకం పెడితేనే అమలవుతుంది. కోడలు మెతక మనిషి, ఎక్కడ వేలు చూపిస్తే అక్కడ సంతకం పెట్టే రకం. అందుకే మామగారు కత్తులు నూరుకుంటూ వెంట వెళ్లాడు. తోడు తెచ్చుకునే హక్కుందట. నచ్చిన అంశాలు ఒప్పుకుని నచ్చనిది కాదనొచ్చట. పక్కింటి నర్సు చెప్పింది.

నచ్చనిది ఒకటే. పాటల క్లాసు మాన్పించి ఆ గంటలో మాటల శిక్షణ ఇస్తారట. పాడేటప్పుడు పిల్లకు నత్తి రాదు. బడికి ఉరుకుతూ వెళ్లేదే ఆ గంట కోసం.

ఆయన బల్ల గుద్దాడు. టీచరమ్మ చలించలేదు. కాదనడం మీ హక్కే, మరి పాప ఏమంటుందో కూడా విందాం అంది. యుద్ధానికి వచ్చినవాడికి శత్రువు దొరకలేదు.

పిల్ల వచ్చి కూర్చుంది. కాళ్లు నేలకందలేదు.

"నాకు పా... పా..."

"పాటల క్లాసు కావాలంటోంది."

"ఆగు తాతా. అప్పుడే టి... టికెట్టు కొట్టేయకు. నేనింకా ఊ... ఊరు చెప్పలేదు."

కోడలు నవ్వాపుకోలేకపోయింది. అందరూ ఆగారు. పిల్ల తాపీగా చెప్పింది. పాటలు ఉండాలి. మాటల శిక్షణ లెక్కల గంటలో పెట్టండి. టీచరమ్మ నవ్వి, ఆ పప్పులుడకవు, పొద్దున్నే బడి మొదలవకముందు పెడదాం అంది. పిల్ల ఒప్పుకుని ఇంకో షరతు పెట్టింది. ఇంట్లో ఎవరూ తన మాట అందించకూడదు. అదీ రాశారు.

కోడలు మొదటి నుంచి చివరి దాకా చదివి గాని సంతకం పెట్టలేదు. పెట్టాక కలం మామగారి ముందుకు జరిపింది.

"మీరూ పెట్టండి మామయ్యా. చివరి షరతు మీకోసమే."

గొణుక్కుంటూ పెట్టాడు.

తిరుగు బస్సులో టికెట్లు పిల్లే అడిగింది. "మూ... మూ..." కండక్టరు తాత వైపు చూశాడు. తాత పెదవులు బిగించి కిటికీ వైపు తిరిగాడు.

"మూడు," అంది పిల్ల.

ఆయన దవడలు నొప్పెట్టాయి. బాగుంది.